మెస్సు గేటు దగ్గర మా అమ్మ కొసరు

ఆఫీసర్ల మెస్సుకు చేపలు వేసే పని దొరికితే ఇక గోల్ ఘర్ బజార్లో ఎండకు మాడక్కర్లేదు. అందుకని ముందే పాఠాలు నేర్చుకున్నాను. ఆస్టినాబాద్‌లో మా పక్కింటి రిటైర్డ్ హవల్దారే గురువు. టైముకి ఐదు నిమిషాలు ముందే చేరాలి, మాటకో సారు తగిలించాలి, అడిగినదానికే జవాబు చెప్పాలి. అద్దం ముందు సెల్యూట్ కూడా కొట్టి చూసుకున్నాను.

"సేపలమ్మడానికెల్తన్నావా, యుద్దానికెల్తన్నావా?" అంది అమ్మ.

పడవ అమ్మది, గేటు పాసూ అమ్మ పేరు మీదే రావాలి. అంచేత మొదటిరోజు ఆవిడా వచ్చింది. మెస్సు చూసే కుర్ర ఆఫీసరు ఇస్త్రీ మడత నలగకుండా నిలబడి పది కిలోల కోనాం చేప తూయించాడు. తూకం సరిగ్గా సరిపోయింది. అమ్మ అలవాటుకొద్దీ గంపలోంచి రెండు చిన్న చేపలు, కవళ్లు, తీసి ఆ చేపల మీద పడేసింది.

"యే క్యా హై?"

"కొసరు బాబూ."

ఆయనకి అర్థం కాలేదు. బుద్ధి గడ్డి తిని నేను "ఫ్రీ, సర్!" అన్నాను.

ఆయన ముఖం ముడుచుకుంది. అది రిశ్వత్, అంటే లంచమట. రెండు కవళ్లూ తిరిగి గంపలో వేయించాడు. తప్పయిందని అమ్మ వేలిముద్రతో సోమవారంలోగా చిట్ఠీ ఇవ్వకపోతే పాస్ లేదన్నాడు.

"లంచమిచ్చీసినానని నాకు నేనే ముద్దరేసుకోవాలా? నానెయ్యను," అంది అమ్మ ఇంటికొచ్చాక.

నాకు ఒళ్లు మండింది. రెండు కవళ్ల కోసం ఇంత మంచి పని వదులుకుంటామా? శనివారం చిట్ఠీ రాసేసి, కింద నా బొటనవేలే అద్దాను. ఎవరి వేలో ఆఫీసరుకేం తెలుస్తుంది?

ఆదివారం పొద్దున్నే ఆ ఆఫీసరు చారల చొక్కాలో గోల్ ఘర్‌లో మా గంప ముందు ప్రత్యక్షమయ్యాడు. కిలో చేప కొన్నాడు. అమ్మ తూచి ఇచ్చేసింది, అంతే. ఆయన వెళ్లబోయి ఆగాడు. వెనకనున్న టీచరమ్మకి తూకం అయ్యాక రెండు చేపలు పడ్డాయి. ఆమె వెనకాల జీపు డ్రైవరుకీ పడ్డాయి.

"ఔర్ మేరా?" నాకేవీ అన్నట్టు సంచీ చూపించాడు ఆఫీసరు.

"రిశ్వత్ అయిపోద్ది సాబ్," అంది అమ్మ తలెత్తకుండా.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "గల్తీ హో గయీ, అమ్మా," అంటూ సంచీ తెరిచి పట్టుకున్నాడు. అమ్మ రెండు వేసింది, ఆగి ఇంకోటి వేసింది.

"చిట్ఠీ, సర్?" అన్నాను, జేబు తడుముకుంటూ.

"చిట్ఠీ నహీ చాహియే. కల్ ఆకే పాస్ లే జానా."

చిట్ఠీ అక్కర్లేదట, రేపొచ్చి పాస్ తీసుకోమన్నాడు! గాల్లో తేలిపోయాను. అప్పుడే అమ్మ చూపు నా బొటనవేలి మీద పడింది. ఎంత తోమినా సిరా పోలేదు మరి. ఆఫీసరు సందు మలుపు తిరిగాక నా వేలు పట్టుకుని చూసింది.

"ఆ బాబు తప్పొప్పుకున్నాడు," అంది. "నువ్వు నా ఏలే దొంగిలించీసినావు."

సిగ్గుతో చచ్చిపోయాను. మధ్యాహ్నం నాకు చారన్నమే పెట్టింది. చేప ముక్క అడిగే ధైర్యం నాకు లేకపోయింది.