మళ్లీ నాటిన కందికట్టె

దగ్గరికి జరిగి కూర్చోండి. పొయ్యి వెచ్చగానే ఉంది. ఇందులో మండుతున్నది మా చేనులో చచ్చిన కందికట్టె. దాని సంగతే చెబుతాను, వినండి.

మా ఇంటాయన చాలా ఏళ్లు తాండూరు దిక్కు బండల గనిలో పని చేశాడు. రాతి దుమ్ముకు దగ్గు పట్టుకుంది. ఇక గని మొహం చూడనని, సేద్యమే చేసుకుంటానని నిరుడు ఇంటికి వచ్చేశాడు. ఉన్న చేనంతా కంది వేశాం. ఏపుగా పెరిగే వేళకు వాన పట్టింది, విడవలేదు. నల్లరేగడి తాగినంత తాగి మిగిలిన నీళ్లను సాళ్లలోనే నిలబెట్టింది. వేళ్లు కుళ్లి చేను నిలువునా ఎండిపోయింది.

మా అత్తకు ఒక పట్టు ఉంది. చచ్చిన పంటను చేనులో ఉంచి బతుకమ్మ పేర్చకూడదు. "పీనుగను ఇంట్ల వెట్టుకొని పూలు పేరుస్తమా?" అంటుంది. అందుకే పండుగ లోపల ముగ్గురం కట్టె పీకి ఇంటికి మోశాం. చేను దున్నేశాం.

పక్క చేను నాకు మరిది వరసాయనది. అతను గట్టు మీద నిలబడి నవ్వాడు.

"వదినా, వాకిలి లెక్క జేసినవ్ గదా, ముగ్గు గూడ ఎయ్యరాదు?"

"నీ లెక్క పనిదొంగలం గాదురా కొడకా," అని మా అత్త చురక అంటించింది. అతని చేను ఎండిన పంటతో అట్లాగే నిలబడి ఉంది.

పండుగ దాటాక తెలిసింది, పంట పోయినవాళ్లకు సర్కారు సాయం ఇస్తుందట. అది వస్తే యాసంగి పంటకు శనగ విత్తనం కొనుక్కోవచ్చు. ఆయన మళ్లీ గనికి పోనక్కర లేదు.

వ్యవసాయ ఆఫీసు సారు ఫోన్ పట్టుకుని వచ్చాడు.

"పంటేదమ్మా?"

"పీకినం సారూ. కట్టె ఇంటికాడ ఉంది, వచ్చి చూడున్రి."

"ఇంటికాడిది నడ్వదమ్మా. చేన్ల నిలవడ్డ పంటకే ఫోట్వ తియ్యాలె. గీడ ఏముంది, దున్నిన భూమి."

మరిది చేను ఫొటో తీసుకున్నాడు. మిగిలిన చేన్లకు రేపు వస్తానని వెళ్లిపోయాడు.

మా ఆయన ఇంటికి వచ్చి కట్టె మోపు నెత్తికెత్తుకున్నాడు.

"ఏడికయ్యా?" అని అడిగాను.

"చేన్లకు. మళ్ల నాటుదాం."

నాటాం. ఆయన గడ్డపారతో గుంత పొడిస్తే నేను కట్టె నిలబెట్టాను. పీకమన్న మా అత్తే మట్టి కప్పి కాలితో తొక్కింది. నవ్వడానికి వచ్చిన మరిది నవ్వలేదు. తనూ ఒక మోపు మోసుకొచ్చాడు.

పొద్దున సారు వచ్చేసరికి సగం కట్టె గాలికి వాలిపోయి ఉంది. సారు ఒకటి పట్టుకుని లాగితే చేతికి ఊడి వచ్చింది. కొంచెంసేపు దాన్నే చూశాడు. మళ్లీ అదే గుంతలో నిలబెట్టి బూటుతో మట్టి అదిమాడు.

"నేను రాసినా పైనోళ్లు నమ్మరే అమ్మా," అన్నాడు. ఫొటో తీయకుండానే ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఆ వారంలోనే మా ఆయన తాండూరు బస్సెక్కాడు. "జర పైలం," అన్నాను. "ఫికర్ జెయ్యకు," అని కిటికీ పక్కన కూర్చుని దగ్గాడు. బస్సు పోయాక నేను చేనుకు వెళ్లి ఆ కట్టెను రెండోసారి పీకాను. మా అత్త గట్టు మీదే కూర్చుంది, చేనులో కాలు పెట్టలేదు. ఇప్పుడు దాన్నే పొయ్యిలో పెడుతున్నాను. ఆయన ఇంటికి వచ్చిన రోజున దగ్గు వీధి మలుపు నుంచే వినిపిస్తుంది.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ చేనులో పండిన పంటే మీ చేతికి రావాలి. మీ మనిషి ప్రతి సాయంత్రం మీ గడప ముందే చెప్పులు విడవాలి.