క్రిస్మస్ పువ్వుకు కావలి

నా చిన్నప్పుడు మా ఇంట్లో గారాబమంతా నాకే దక్కేది, మా చిన్నమ్మ కూతురు వచ్చేదాకా. మోర్తాడ్‌లో ఉండే చిన్నమ్మకు జబ్బు చేసి నిజామాబాద్ దవాఖానలో చేర్చారు. చిన్నాయన మస్కట్‌లో ఉన్నాడు. నాకంటే కొంచెం చిన్నదైన ఆ పిల్లను మా అమ్మ ఆర్మూర్‌కు, మా ఇంటికి తెచ్చుకుంది.

ఆ రోజునుంచి తల దువ్వడం ముందు దానికే. పాల మీది మీగడ దానికే. ఇద్దరికీ ఒకే గుడ్డలో గౌన్లు కుట్టిస్తే, దాని గౌనుకే కుచ్చులు ఎక్కువ పెట్టించారని నా అనుమానం. అది మాట్లాడేదే తక్కువ. వచ్చినవాళ్లంతా ఆ నెమ్మదిని మెచ్చుకుంటుంటే నాకు కడుపు మండేది.

మా పక్కింటి అక్క దవాఖానలో నర్సు. వాళ్లు చర్చికి వెళ్లేవాళ్లు. ఆమె కిటికీలో ఒక మొక్క ఉండేది. బొమ్మజెముడు జాతే గానీ ముళ్లుండవు. పచ్చటి బిళ్లలు ఒకదాని కొసకు ఒకటి అతికించినట్టు వేలాడేవి. క్రిస్మస్ రోజుల్లో ఆ కొసలకు గులాబీరంగు పూలు పూసేవి. అక్క దాన్ని క్రిస్మస్ పువ్వు అనేది. వానాకాలం మొదట్లో మా ఇద్దరికీ చెరొక కొమ్మ డబ్బాలో నాటి ఇచ్చింది.

నాది ముందటి గదిలో, నలుగురికీ కనబడేలా, లైటు కిందే పెట్టుకున్నాను. పొద్దునా సాయంత్రం నీళ్లు పోశాను. ఆ పిల్ల తన డబ్బాను వెనక గది కిటికీలో పెట్టింది. రేటు రాక ఆపిన పసుపు బస్తాలుండే గది అది, లైటు కూడా లేదు. చలి ముదిరాక దాని మొక్కకు మొగ్గలొచ్చాయి. నా మొక్కకు ఒక్కటీ రాలేదు.

ఇంట్లోవాళ్లంతా వెళ్లి ఆ మొగ్గలు చూసొచ్చారు. మా అమ్మ దాని బుగ్గ నిమిరింది. నాకు అన్నం సహించలేదు. పక్కింటికి పోయి అడిగేశాను.

"మంచి కొమ్మ దానికిచ్చినవ్ గదా అక్కా?"

"రెండూ ఒక్క చెట్టువే బిడ్డా. నీది ఏడ పెట్టినవ్?"

చెప్పాను.

"గందుకే. గా చెట్టుకు పొద్దుగూకినంక చీకటి గావాలె. లైటు పడితే మొగ్గ పట్టది. నీళ్లు గూడ జర తగ్గియ్యి. మీది మన్ను ఎండినంకనే పొయ్యి."

నా ముఖం చూసి మళ్లీ అంది: "దాని చెట్టు పక్కకే పెట్టు. పొద్దుగూకినంక నువ్వు గాడనే కూసో. ఎవ్వరూ దీపం తేకుంట కావలుండు."

ఆ సాయంత్రమే నా డబ్బా తీసుకెళ్లి బస్తాల చాటున కూర్చున్నాను. ముందటి గదిలో లైటు వెలిగిన కాసేపటికి ఆ పిల్ల వచ్చింది. రోజూ ఆ వేళకు వచ్చేది. తన మొగ్గలు చూసుకుని మురవడానికే అనుకునేదాన్ని. నన్ను చూడలేదు. కిటికీ కింద కూర్చుని, గౌను అంచు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మధ్యమధ్య "అమ్మా" అంటోంది.

నాకు కదలాలంటే భయమేసింది. కదలకుండా ఉండలేకపోయాను. వెళ్లి పక్కన కూర్చున్నాను. ఉలిక్కిపడింది.

"చెట్టుకు కావలున్న," అన్నాను.

గౌను అంచు నోట్లోంచి తీసి అడిగింది. "అక్కా, మా అమ్మ ఇంటికొస్తదా?"

"వస్తది," అన్నాను. నాకేమీ తెలియదు.

ఆ తర్వాత రోజూ ఇద్దరం అక్కడే కూర్చున్నాం. నా కుళ్లు ఒక్కరోజులో పోయిందంటే అబద్ధం. తెల్లారి అమ్మ ముందు దాని తలే దువ్వుతుంటే మళ్లీ మండింది. కానీ దువ్వెన చిక్కుపడి అది ముఖం ముడిచినప్పుడు, "అమ్మా, మెల్లగ," అన్నది నేనే.

దాని మొక్క క్రిస్మస్‌కు పూసింది. నాది పండగ అయిపోయాక పూసింది, ఒక్కటంటే ఒక్క పువ్వు. ఎండలు ముదిరేసరికి చిన్నమ్మ కోలుకుని వచ్చి బిడ్డను తీసుకెళ్లింది. షేర్ ఆటో మలుపు తిరిగేదాకా చూసి, ఆ పూట నేనూ గౌను అంచు నోట్లో పెట్టుకున్నాను.

పెద్దయ్యాక ఇలాంటి మొక్కలు నేనే పెంచుతున్నప్పుడు తట్టింది, లైటే లేని గదిలో మొక్కకు కావలెందుకని. అప్పటికి ముసలిదైపోయిన పక్కింటి అక్కను అడిగాను.

"గా బస్తాల అర్రకూ మా ఇంటికీ నడుమ ఒక్కటే గోడ బిడ్డా. పిల్ల ఏడుపు ఇనొస్తుండె. నేనొస్తె దాసుకుంటది. నువ్వైతె పక్కన కూసుంటవనుకున్న."

ఈ వయసులోనూ ఎవరినో చూసి నాకు కుళ్లు పుడుతూనే ఉంటుంది. పుట్టినప్పుడల్లా, పొద్దుగూకాక వీళ్లకు ఎట్లా గడుస్తుందో అనుకుంటాను. తెలియకపోతే, వెళ్లి కాసేపు వాళ్ల దగ్గర కూర్చుని వస్తాను.