చిక్కడపల్లి తుమ్ము

హాంకాంగ్ ఫ్లూ రోజుల్లో చిక్కడపల్లి దగ్గర బస్సులో ఒక్క తుమ్ము తుమ్మాను. నలభైమందీ వెళ్లి డ్రైవరు ఒళ్లో కూర్చున్నారు. కండక్టరు నా టికెట్టును గొడుగు కొసకు గుచ్చి అందించాడు. ఇంట్లో నెలల పాప ఉంది. ఎత్తుకోవచ్చా, వద్దా?

నారాయణగూడలో ఎక్కిన పాలమూరు కూలీ అవ్వ వచ్చి నా పక్కనే కూర్చుంది.

"దూరం జరుగవ్వా, నాకు ఫ్లూ ఉందేమో. ఇంట్లో పసిపిల్లనే ఎలా ఎత్తుకోవాలో తెలియడం లేదు" అన్నాను, ముక్కుకు కట్టుకున్న రుమాలులోంచే.

సిమెంటుకు గరుకెక్కిన చేతిని తిరగేసి నా మెడకు ఆనించింది.

"జరం లేదు, ఏం లేదు బిడ్డా. ముందుగాల గా రుమాలు తియ్యి, నాక్కూడ తుమ్మొస్తున్నది. పోయి పిల్లనెత్తుకో."

ఫ్లూ రాకూడదని ఆ రుమాలుకు సీసాడు నీలగిరి తైలం పట్టించింది నేనే!

పాపకిప్పుడు కాలేజీ వయసు. ఒళ్లు వెచ్చబడిందంటే థర్మామీటరు కంటే ముందు నా చెయ్యే వెళుతుంది, తిరగబడి.