మాక్ సీఫూ దాచిన చివరి పట్టు

ఫోషాన్‌లో పులి పేరిట పోరాట విద్య నేర్పేవాళ్లెవరూ పులిని చూసినవాళ్లు కాదు. కొంగ విద్య వాళ్లకి ఆ ఇబ్బంది లేదు, చేపల చెరువుల మీద కొంగలు ఊరికే కనిపిస్తాయి. అందుకే కాబోలు, పులి వాళ్లకే గర్వం ఎక్కువ.

మా వీధి చివర విరిగిన ఎముకలు కట్టే మాక్ సీఫూది పులి వంశం. సీఫూ అంటే ఇక్కడ గురువూ తండ్రీ రెండూనూ. ఆయన మూలపురుషుడు కొండమంచులో పులి అడవిపందిని పడగొట్టడం చూసి విద్య కట్టాడట. పక్క వీధిలో కాగితపు పూజాసామగ్రి అమ్మే స్సేతోది కొంగ వంశం. వాళ్ల మూలపురుషుణ్ణి ఒక కొంగ, వెదురుగడకి అందకుండా ముప్పుతిప్పలు పెట్టిందట. నేను తిరిగిన దేశాల్లో రాజవంశాలన్నీ సూర్యుడి నుంచో చంద్రుడి నుంచో దిగాయి. వీళ్లు వినయస్థులు, జంతువుల దగ్గరే ఆగారు.

పులివాడు నేలకి అతుక్కుని నిలబడి, దొరికిన ఎముకని పంజాతో పట్టి వదలడు. కొంగవాడు ఒంటికాలి మీద దూరంగా ఉండి, కన్నో కణతో పొడిచి తప్పుకుంటాడు. హక్కాలనే వలస జనం గొల్లభామ విద్యలో గొల్లభామ ఎక్కడుందో దానికే తెలియాలి. ఒక్క విషయంలో మాత్రం అందరూ ఒకటే: గురువు చివరి పట్టు దాచుకుంటాడు. పిల్లి పులికి అన్నీ నేర్పి, చెట్టెక్కడం దాచుకుందనీ, అందుకే బతికిపోయిందనీ ఇక్కడ ఉగ్గుతోపాటే పోస్తారు. విద్య నేర్పే మందిరం అప్పగించే రోజున, ఎదుటి వంశం పెద్ద సాక్షిగా, వారసుడికి ఆ పట్టు ఒక్కసారి చూపుతారు.

మాక్ వారసుడు కూ మాన్-హో పెద్దబాతులు కాల్చి అమ్ముతాడు. అడిగి అడిగి అతని నెత్తి నెరిసింది.

"సీఫూ, మూలపురుషుడి పుట్టినరోజుకైనా ఇస్తారా? లేదంటే చెప్పండి, స్సేతోగారి గుమ్మం తొక్కుతా."

"తొక్కు. ఒంటికాలి మీద బాతులు కాల్చుకో."

అన్నాడే గాని ముసలాయన ముఖం వాడిపోయింది. కూ వెళ్లాక నాతో అన్నాడు: "మా సీఫూ 'వచ్చే ఏడు చూద్దాంలేరా' అంటూనే పోయాడు. నా దగ్గరుంటే కదా దాచడానికి! వీడూ పోతే మందిరానికి తాళమే."

చివరికి మాక్ ఒప్పుకున్న ఆ పుట్టినరోజు పండగకి ముందురోజు, విందుకి బాతులు ఎంచడానికి ఇద్దరం కూ దొడ్లోకి వెళ్లాం. కూ అంగట్లో ఉన్నాడు. ఒక పోతుబాతు మెడ నేలకి దించి, రెక్కలు విప్పి, బుసకొడుతూ వచ్చి మాక్ పిక్క పట్టుకుంది. జన్మంతా పులిగా బతికిన మనిషి నీళ్లతొట్టిలో కూలబడ్డాడు. లేవదీయబోతే చేత్తో వారించి, దాన్నే రెప్పవేయకుండా చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు మందిరంలో అగరువత్తులు వెలిగాక, మాక్ మెడ దించాడు, చేతులు విప్పాడు, బుస్సుమంటూ ఉరికి కూ పిక్కని పంజాతో లాగాడు. కూ వెల్లకిలా పడ్డాడు.

సాక్షిగా వచ్చిన స్సేతో లేచాడు. "ఒరే ముసలి పిల్లీ! ఆ రెక్కలు మా కొంగవి. మీ తాత మా గోడ దూకి ఎత్తుకుపోయాడు!"

"కొంగెక్కడైనా పిక్క పడుతుందిట్రా, కాగితాలోడా?"

అందరూ కూ వైపు తిరిగారు. అతను పడ్డచోటే కూర్చుని పిక్క తడుముకుంటున్నాడు. దొడ్లో అలాంటి పట్లకి మిగిలిన మచ్చలు ఆ పిక్కల మీద చిన్నప్పటినుంచీ ఉన్నాయి. తలెత్తి సీఫూ ముఖంలోకి చూశాడు. తర్వాత మోకరిల్లి టీ గిన్నె అందించాడు.

"పులే, సీఫూ. నీళ్లు తాగడానికి వంగిన పులి."

మాక్ ఆ టీ చివరి చుక్క దాకా తాగాడు.

కొన్నేళ్లకి ఆయన పోయాడు. మందిరం నడుస్తోంది. కూ చెప్పే మూలపురుషుడి కథలో ఇప్పుడు పులి వాగు దగ్గర వంగి నీళ్లు తాగుతుంది. చివరి పట్టు అడిగితే వచ్చే ఏడు చూద్దామంటాడు. ఎంత నమ్మకస్థుడైన శిష్యుణ్ణయినా సరే, బాతుల దొడ్లోకి మాత్రం రానివ్వడు.