రింగులతో సరిపెట్టిన స్కూటరు

నిన్న సాయంత్రం మా ఆయన చింతపల్లి బజారు నుంచి వస్తూ, మా ఇంటి ముందున్న దిగుడులో బండి ఇంజను ఆపేసి, చప్పుడు లేకుండా జారుకుంటూ వచ్చి వాకిట్లో ఆగారు. చేతిలో కూరల సంచి, ముఖంలో ఏదో ఘనకార్యం చేసిన సంతోషం. "పెట్రోలు ఆదా" అన్నారు. అంతే, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సంచి లాక్కుని వెళ్లి చిక్కుడుకాయలు ఈనెలు తీయకుండానే విరిచి పడేశాను. ఇన్నేళ్లయినా ఈ మనిషికి బుద్ధి రాలేదు.

నేను ఈ కొండల్లో నర్సుగా తిరిగిన రోజుల్లో నాకో పాత స్కూటరు ఉండేది. పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాల్సిన రకం. మా నాన్న వాడి వాడి, నాకు ఉద్యోగం వచ్చాక ఇచ్చేశాడు. స్టార్టు చేయాలంటే ఒక పక్కకి వంచి, బతిమాలి, ఆఖరికి తిట్టి కిక్కు కొట్టాలి. తిడితేనే వినేది. మందుల పెట్టె కట్టుకుని దానిమీదే ఊరూరా తిరిగేదాన్ని. మా ఆయనకి మాత్రం అది నర్సీపట్నం వెళ్లి రావడానికి ఉన్న బండి. ఘాట్ దిగేటప్పుడు ఇంజను ఆపేసి, గేరు మాత్రం ఉంచేవారు. పెట్రోలు మిగులుతుందట, బ్రేకులూ అరగవట! ఘాట్‌లో తిరిగే మగవాళ్లందరికీ ఇదో పెద్ద తెలివి. లోపల పిస్టన్ ఆడుతూనే ఉంటుందనీ, పెట్రోలు రాకపోతే దాంతో రావాల్సిన ఆయిలూ రాదనీ, కొండ దిగేదాకా ఇనుము ఇనుముని గీరుకుంటుందనీ ఒక్కరికీ తట్టదు.

ఆ ఏడు చలికాలంలో బండి ఎత్తు ఎక్కడం మానేసింది. పొగే తప్ప లాగుడు లేదు. మెకానిక్ సిలిండర్ విప్పి చూపించాడు. వేలు పెట్టి చూశాను. నున్నగా ఉండాల్సిన లోపలి గోడ నిండా గాట్లే. "ఏటి సిస్టరమ్మా, నూనె నేకుండా నడిపేసినారేటి? నర్సీపట్నం పంపి గాట్లు పోయేదాకా లోపల అరగదీయించి బోరు సేయించాల, పెద్ద సైజు పిస్టనెయ్యాల" అన్నాడు. ఎన్నాళ్లు పట్టినా సరే, గట్టిగా చేయించమని చెప్పి వచ్చాను. మూడోనాడే మా ఆయన బండి ఇంటికి తెచ్చేశారు.

"బోరు అయిపోయిందేటండీ?" అని అడిగాను.

"అయిపోనాదే. ఇంక నీ బండికి తిరుగునేదు" అన్నారు మా ఆయన. నమ్మాను.

కొండమీది ఊళ్లో ఒకామెకి అప్పుడు నెలలు నిండాయి. తొలికాన్పులో బిడ్డ పుడుతూనే పోయింది. "ఈపాలి నువ్వుండాల నర్సమ్మా" అని నా చెయ్యి పట్టుకుని మాట తీసుకుంది. నొప్పులు మొదలయ్యాయని తెల్లవారుతూనే కబురొచ్చింది. పెట్టె కట్టుకుని బయలుదేరాను. ఎత్తులో మూడో మలుపు దగ్గర ఇంజను కిర్రుమని బిగుసుకుపోయింది. ఎంత తొక్కినా కిక్కు దిగలేదు. ఈసారి తిట్లకీ వినలేదు. పెట్టె నెత్తిన పెట్టుకుని పరిగెత్తాను. వెళ్లేసరికి కాన్పు అయిపోయింది. బిడ్డని ఆమె అత్త దక్కించింది. ఆమె మాత్రం నెత్తురుపోయి తెల్లగా పాలిపోయి ఉంది. ఇంజెక్షను ఇచ్చి, జీపు పిలిపించి ఆసుపత్రికి దింపాం. బతికింది. జీపులో నావైపు చూడకుండానే "ఒత్తానన్నావు. సూసి సూసి ఉన్నాం" అంది.

వెనక్కి వచ్చి మెకానిక్‌ని నిలదీశాను. "బాబుగారే సెప్పినారమ్మా, బోరొద్దు, పాత పిస్టనుకే రింగులు మార్సేసి ఇచ్చీమని" అన్నాడు. బండి నాది, దానిమీద కొండలెక్కేది నేను, మాట మాత్రం ఆయనది! ఇంటికొచ్చి అడిగితే, రింగులతో సరిపోతుందనుకున్నానని ఈయన నీళ్లు నమిలారు. సరిపోతుందనుకుంటే అబద్ధమెందుకు? నిజం చెప్పి ఉంటే ముందుగానే నడిచి వెళ్లి ఆ ఇంటి గుమ్మంలో కూర్చునేదాన్ని కదా! మర్నాడు సిలిండర్‌ని చీరకొంగులో చుట్టి, సర్వీసు జీపులో ఒళ్లో పెట్టుకుని నేనే నర్సీపట్నం తీసుకెళ్లాను. లేతు మిషను దగ్గర స్టూలేసుకుని కూర్చుని, బోరు చేసి ఇచ్చాక లోపల వేలు తిప్పి చూసుకుని మరీ తెచ్చుకున్నాను.

ఆమెకి ఆ తర్వాత ఇంకా ఇద్దరు పుట్టారు. రెండు కాన్పులకీ నాకు కబురు రాలేదు.

నిన్న కూరలో ఈనెలు పళ్లకి అడ్డం పడుతుంటే మా ఆయన ఒక్కొక్కటే తీసి కంచం అంచున పెట్టుకుంటూ తిన్నారు. ఎందుకో ఆయనకీ తెలుసు. ఆ స్కూటరు మరో పన్నెండేళ్లు కొండలెక్కి, ఎప్పుడో పాత ఇనుముకి పోయింది. ఆ పొద్దు మాత్రం ఇంకా ఆ మూడో మలుపులోనే ఆగి ఉంది.