క్యాసెట్టులో లాగా వాయించని మామ

నా డోలు మీద రెండు అరచేతులూ ఆనించి చెబుతున్నాను, ఇక్కడ రాసే ప్రతి మాటా నిజం. ఒట్టు పెట్టడం నాకు కొత్త కాదు, నమ్మేవాళ్ళే కొత్తగా దొరకాలి. కళ్యాణదుర్గంలో కుండపోత వాన అని ఒకసారి బస్సు దిగుతూ చెప్పిన పాపానికి మా ఊళ్ళో ఇద్దరు రైతులు పొడి దుక్కిలో వేరుశనగ విత్తనం వేశారు. నేను ఎదురుపడితే ఆ ఇద్దరూ ఇప్పటికీ ముందు ఆకాశం వైపు చూసి, తర్వాత నా మొహం చూస్తారు. అయితే ఇది వాన సంగతి కాదు, మా మామ సన్నాయి సంగతి. ఇందులో అబద్ధమాడితే నా డోలు తోలు నడి ముహూర్తంలో చిరిగిపోవాలి.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. ఇప్పుడు అరవై దాటిన మనిషి. పెళ్ళిళ్ళలో ఆయన సన్నాయి, పక్కన నా డోలు. మీసం మొలిచిన నాటి నుంచీ నా బతుకు అదే. క్యాసెట్లు బాగా అమ్ముడుపోయే రోజుల్లో, బళ్ళారిలో పాటలు రికార్డు చేసే ఒకాయన మమ్మల్ని పిలిపించాడు. చిన్న గది. గోడల నిండా పాత బొంతలు మేకులు కొట్టి వేలాడదీశాడు. చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేశాడు, తలుపు మూశాడు. నడి వేసవి. ఆ గదిలో నేను రెండు కేజీలు తగ్గాను, మామ నాలుగు. తూకం వేసి చూడలేదు గానీ పంచె వదులైన మాట నిజం.

మామ రాగం ఎత్తుకుని మెట్టు మెట్టుగా పైకి పోతున్నాడు. సరిగ్గా పై షడ్జం అందుకోబోయే చోట చెమట కళ్ళలో పడింది, ఊపిరి అయిపోయింది. ఆగాడు. రెప్పపాటు అంతే. కంగారులో నేనూ డోలు ఆపేశాను. మామ గాలి పీల్చుకుని, ఆ పై స్వరం వదిలేసి, కింది నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.

అయిపోయాక రికార్డు చేసినాయన దగ్గరికి వెళ్ళి, "సామీ, ఆడ తప్పు పాయ. ఇంగొకసారి వాయిస్తా" అన్నాడు.

"ఇంగొకసారికి టేపు యాడుండాది? ఎవురికి తెలుస్తాదిలే. రాండి, తినండి" అని ఆయన మా చేతుల్లో చిత్రాన్నం పొట్లాలు పెట్టాడు.

ఆ క్యాసెట్టు మేము తిరగని ఊళ్ళన్నీ తిరిగింది. గుంతకల్లు పోయే బస్సుల్లో మోగింది, టీ బంకుల్లో మోగింది, పెళ్ళిపందిళ్ళలో మేళం రాకముందే మోగింది. ఆ తర్వాత ఫోన్లలోకి ఎక్కింది, పెన్‌డ్రైవుల్లోకి ఎక్కింది. ఎక్కుతూ ఎక్కుతూ దారిలో ఎక్కడో మామ పేరును దించేసింది. తప్పును మాత్రం దించలేదు. ఆ ఆగిన చోటు మీద జనానికి మోజు పుట్టింది. అక్కడికి రాగానే టీ గ్లాసు నోటి దగ్గర ఆపి, తల ఊపి, "ఆడ ఆపినాడు చూడు, ఎంత సొగసో!" అనేవాళ్ళు.

ఒకసారి యాడికిలో పెళ్ళికి పోయాం. మామ ఆ రాగమే ఎత్తుకుని, ఆగకుండా, పై స్వరం అందుకుని, అక్కడ కాసేపు నిలబడి దిగాడు. నా లెక్కలో అది ఆయన వాయించిన వాటిలోకెల్లా గొప్పది. ముందు వరస కుర్చీలో కూర్చున్న ఒక పెద్దమనిషి మాత్రం మొహం చిట్లించాడు.

"ఏమప్పా, ఆడ ఆపల్ల గదా? క్యాసెట్టులో అట్ల ల్యా."

మామ సన్నాయి దించి, "ఆ క్యాసెట్టులో వాయించింది నేనే అన్నా" అన్నాడు.

"నువ్వైతే ఏమి? తప్పు తప్పే."

ఇంకోసారి గుంతకల్లులో రైల్వే వాళ్ళ పెళ్ళికి రెండు మేళాలు వచ్చాయి. రెండో మేళం సన్నాయి అతనికి ముప్పై ఏళ్ళుంటాయి, దమ్మున్న మనిషి. అదే రాగం ఎత్తుకుని, ఆ చోటికి రాగానే ఊపిరి బోలెడు ఉండి కూడా ఆపాడు. మామ అతని దగ్గరికి వెళ్ళి, "ఏమప్పా, ఆడ యాల ఆపినావు?" అని అడిగాడు.

"అది పాతోళ్ళ పద్ధతి అన్నా. ఆడ ఆపకపోతే రాగం చెడిపోతాది" అన్నాడతను, మామకు పాఠం చెబుతున్నట్టు.

మామ దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు. ఇల్లు చేరాక మాత్రం నవ్వలేదు.

రికార్డులో అంత బాగున్నది ఎదురుగా వింటే అంత లేదేమి అని నన్ను అడిగేవాళ్ళు చాలామంది. నేను వాళ్ళను తిరిగి అడుగుతాను: మిమ్మల్ని చూసిందా మీ రికార్డు? మామ చూస్తాడు. పెళ్ళికూతురు గదిలోంచి రావడం ఆలస్యమైతే రాగాన్ని లాగుతాడు. మగపెళ్ళివాళ్ళు అలిగి లేచి నిలబడితే వాళ్ళు మళ్ళీ కూర్చునే దాకా మెత్తగా ఊదుతాడు. అన్నిటికంటే పెద్దది గట్టిమేళం. తాళి కట్టే క్షణంలో తుమ్ము గానీ ఏడుపు గానీ చెడ్డమాట గానీ ఎవరి చెవినా పడకూడదని మేళం ఒక్కసారిగా హోరెత్తించాలి. పెళ్ళి చేయించే అయ్యవారు వేలు పైకెత్తుతాడు. ఆ వేలి కోసం మామ కళ్ళు అయ్యవారి మీద, నా కళ్ళు మామ భుజం మీద. మూడు ముళ్ళకు ఎంతసేపు పడితే అంతసేపు. పెళ్ళికొడుకు చేతులు వణికితే ఇంకాసేపు.

పెన్‌డ్రైవులో గట్టిమేళానికి ఒక కొలత ఉంది, అది పెరగదు, తరగదు. మా పక్క ఒక అయ్యవారు ఆ కొలతకు మూడు ముళ్ళూ పడాలని పెళ్ళికొడుకుల చేత ముందురోజు నులక తాడుతో సాధన చేయించేవాడని విన్నాను. నమ్మండి, నమ్మకపోండి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇప్పుడు మా చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ కళ్యాణదుర్గం మండపాల్లోనే. పూలు, వంట, వీడియో, మేళం అన్నీ మండపం మేనేజరే మాట్లాడి పెడతాడు. ఆయన పిలవకపోతే మాకు పెళ్ళి లేదు. మూడేళ్ళ కిందట ముహూర్తాలు మొదలయ్యే ముందు ఆ మేనేజరు మామను పిలిపించాడు. నేనూ పోయాను.

"పెద్దాయనా, మీరు వచ్చి కూచోండి, సన్నాయి నోటికాడ పెట్టుకోండి, చాలు. వీడియోలో మేళం కనపడల్ల. సౌండు పెన్‌డ్రైవులో వస్తాది."

"ఎవురిది సౌండు?"

"మీదే గదా! ఆ పాత క్యాసెట్టే. మీరు మల్ల ఎప్పుడన్నా అంత బాగా వాయించినారా?"

"నేను ఉండంగానే నాది పెడ్తారా?"

"దమ్ము కట్టే పని ల్యా, మీకూ తేలిక. ఎల్లుండి పెండ్లి బాగా జరిగిందంటే ఈ ముహూర్తాలన్నీ మీవే. వద్దంటారా, చెప్పండి, పట్టుకునేదానికి బళ్ళారి నుంచి వేరేవాళ్ళను పిలుచుకుంటా."

ఇంటికి వచ్చి చెబితే మా అత్త రొట్టెలు కాలుస్తూ తల ఎత్తకుండానే అంది: "పట్టుకోని కూచుంటే ఏం పాయ? ఎన్నాళ్ళని ఊదుతావు? ఊరికే కూచోబెట్టి అన్నం పెడ్తామంటే కోపమా?"

"నేను వాయించినట్టు నేనే వేషం కట్టల్లనా?" అన్నాడు మామ.

అయినా పోయాడు. పోకపోతే సన్నాయి అటక ఎక్కుతుందని ఆయనకూ తెలుసు. వేదిక మీద కూర్చున్నాం. నా వెనకే పెద్ద స్పీకరు పెట్టె, దాని ప్లగ్గు నా మడమకు తగులుతూ ఉంది. పెన్‌డ్రైవు మొదలైంది. ముప్పై ఏళ్ళ కిందటి మామ హోరుమంటుంటే, ఇప్పటి మామ బుగ్గలు పూరించి, ఖాళీ సన్నాయి మీద వేళ్ళు ఆడిస్తున్నాడు. నేను తోలుకు తగలకుండా కర్ర ఆడిస్తున్నాను. సిగ్గు సంగతి సరే, గాలిని కొడితే చెయ్యి ఎక్కువ నొప్పి పుడుతుంది.

ఆ ఆగే చోటు వచ్చింది. పెట్టెలో సన్నాయి ఆగింది. మామ వేళ్ళు ఆగలేదు, వాటి పాటికి అవి పై స్వరానికి పోయాయి.

కెమెరా పట్టుకున్నతను కట్ అన్నట్టు చెయ్యి ఊపి, దగ్గరికి వచ్చి అన్నాడు: "పెద్దాయనా, పాటకు మీ వేళ్ళు కలవల్యా. కొంచెం విని పట్టుకోండి. ఆడ ఆపల్ల."

మామ సన్నాయి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడడం నేను చూశాను. ఇంతలో అయ్యవారు తాళి అందుకున్నాడు. వేలు లేవబోతోంది. నేను కాలు చాపాను. మడమతో ఒక్క లాగు. ప్లగ్గు ఊడింది.

మండపం మొత్తం నిశ్శబ్దం. ఎవరో "కరెంటు పాయనా?" అన్నారు. నెత్తి మీద ఫ్యాన్లు గిర్రున తిరుగుతూనే ఉన్నాయి. అయ్యవారి వేలు గాల్లోనే ఉంది, పెళ్ళికొడుకు చేతిలో తాళి ఉంది, వంటింటి వైపు నుంచి ఎవరో తుమ్మడానికి ముక్కు పైకెత్తారు.

"ఏం మామా, కొడదామా?" అన్నాను.

"కొట్రా" అన్నాడు మామ.

డోలు మీద దెబ్బ వేశాను. మామ సన్నాయి ఎత్తాడు. మండపం అద్దాలు అదిరాయి. మూడు ముళ్ళూ పడ్డాక కూడా మామ ఆపలేదు, ఆ రాగమే ఎత్తుకుని, మెట్లన్నీ ఎక్కి, ఆగకుండా పై షడ్జం మీద నిలబడ్డాడు. అన్నం తింటున్నవాళ్ళు ఎంగిలి చేతులతో లేచి వచ్చారు. కెమెరా అతను కెమెరా దించేశాడు. మేనేజరు పరుగెత్తుకుంటూ వచ్చి, "పెద్దాయనా, ఈ ముహూర్తాలన్నిటికీ మీరే, ఉత్త సన్నాయే, ఏ పెట్టే వద్దు" అని మామ చేతులు పట్టుకున్నాడు.

టీ బంకులో ఈ కథ ఇక్కడ ఆపేస్తాను. ఆపితే బాగుంటుంది కూడా. రాతలో ఆపబుద్ధి కావడం లేదు, కాబట్టి ఏది కల్పించానో చెప్పేస్తున్నాను.

ఆ పై స్వరం కల్పించాను. అది రాలేదు.

ఊరికే పట్టుకోవడమే కదా అని మామ ఆ పొద్దు సన్నాయి పీకను నీళ్ళలో నానబెట్టలేదు. నోట్లో పెట్టుకునే ఆ పీక ఎండిపోయి, మొదటి ఊదుకే గొంతు పట్టుకున్న కోడిలా కీచుమంది. గట్టిమేళం నా డోలు మీదే నడిచింది. తర్వాత రాగం ఎత్తుకున్న మాట నిజమే, రెండుసార్లు చీలిపోయింది. పెన్‌డ్రైవు నిస్సందేహంగా బాగుండేది. ఎంగిలి చేతులతో ఎవరూ లేవలేదు. ఎవరో ప్లగ్గు చూసి మళ్ళీ పెట్టారు, పెట్టెలో మామ మొదలయ్యాడు, పీట మీది మామ ఆపేశాడు. మేనేజరు పరుగెత్తుకుంటూ రావడం మాత్రం నిజం. చేతులు పట్టుకోవడానికి రాలేదు.

షేర్ ఆటోలో తిరిగి వస్తుంటే, "నా వల్లే పాయ మామా, ప్లగ్గు పీకింది నేనే" అన్నాను.

"తెల్సులే. నీ కాలు నాకు కనపడ్లేదా?"

"చీలిపాయ గదా."

"చీలింది. చీలితే ఏమి? ఆడ కూచున్నోళ్ళంతా ఈ పొద్దు నన్నే విన్న్యారు, బాగున్నానో ల్యానో." ఆటో గుంతలో పడి లేచింది. సన్నాయిని గుండెకు ఆనించి పట్టుకున్నాడు. "పొద్దన్నే పీక నానబెట్టుంటేనా!"

రెండు రోజులకు మేనేజరు ఫోను చేశాడు. బళ్ళారి వాళ్ళు వస్తున్నారనీ, ఇంక ఇలాంటి వేషాలు వేయబోమని మాటిస్తే మాకూ ఒక ముహూర్తం చూస్తాననీ అన్నాడు.

"పట్టుకునేదానికి ఎవురైనా సరిపోతారు సామీ, మీ వాచ్‌మన్‌ని కూచోబెట్టండి" అన్నాడు మామ. "వాయించల్లంటే నాకు చెప్పండి. చీలినా వాయిస్తా."

మేనేజరు ఆ ఏడాది చెప్పలేదు. ఆ తర్వాతా చెప్పలేదు. మండపం లేకుండా ఇంటి ముందు షామియానా వేసుకుని పెళ్ళి చేసుకునేవాళ్ళు ఇంకా కొందరున్నారు, వాళ్ళు పిలుస్తారు. అక్కడ కూడా ఎవరో ఒకరు, "క్యాసెట్టులో అట్ల ల్యా" అంటారు. మామ వాళ్ళ వైపు చూసి, సన్నాయి ఇంకాస్త పైకెత్తి ఊదుతాడు.