ఒత్తులు పడని ట్యాబు

మా కింది క్వార్టర్లో ఉండే సత్యానికీ నాకూ మొదట్లో పడేది కాదు. డ్యూటీ నుంచి రాగానే అతను పనిలో వేసుకునే డాంగ్రీ, అదే ఆ మందపాటి ఓవరాల్, ఉతికి మెట్ల కమ్మీ మీద ఆరేసేవాడు. నీళ్ళన్నీ మెట్ల మీద కారేవి. అసలే నాకు కళ్ళు సరిగ్గా కనిపించవు, జారిపడితే నడుం విరగడం ఖాయం. ఒకటి రెండుసార్లు గట్టిగానే చీవాట్లు పెట్టాను. "అలాగేనండి మేడమ్ గారూ" అని తీసుకెళ్ళి వెనకవైపు ఆరేసుకున్నాడు. ఎదురు చెప్పని మనిషి మీద కోపం నిలబెట్టుకోవడం నాకు చేతకాదు. మర్నాడు గిన్నెడు పులిహోర పంపించాను.

సత్యం ఉక్కు కర్మాగారంలో క్రేన్ ఆపరేటరు. చోడవరం దగ్గర చెరకు పండించే ఇంట్లో పుట్టి, ఐటీఐ చదివి ఇక్కడికొచ్చాడు. అంత ఎత్తున క్యాబిన్లో కూర్చుంటే కింద సలసల కాగే ఉక్కు కుండలుంటాయి. ఆ హోరులో పైవాడికి ఏ మాటా వినిపించదు. కింద ఒక మనిషి నిలబడి చేత్తో సైగ చేస్తాడు, ఆ చెయ్యి ఎటంటే క్రేన్ అటు కదలాలి. "సెయ్యి సరిగ్గా కనపడకపోతే ఆపీడమేనండి. అక్కడ మన తెలివి వాడకూడదు" అంటాడు. ఆ జాగ్రత్త అతనికి ఒంటికి పట్టేసింది. ఇంట్లో దేవి ఉప్పు అందుకోమన్నా "ఉప్పేనా?" అని అడిగి గాని అందుకోడు. దేవి అతని భార్య. ఆవిడ ఓపికకు దండం పెట్టాలి.

అతనికి ఇంకో పిచ్చి ఉంది. కంపెనీలు పట్టించుకోవడం మానేసిన పాత ఫోన్లు తీసుకుని, వాటిలో ఉన్న ఆపరేటింగ్ సిస్టం తీసేసి వేరేది ఎక్కిస్తాడు. ఆ వేరేది ఎక్కడెక్కడివాళ్ళో కూర్చుని తయారుచేసి ఊరికే పంచిపెడతారట. వాళ్ళకేం లాభమని అడిగితే "ఏటీ లేదండి, అదో సరదా" అన్నాడు. అతని డిపార్టుమెంటులో చాలా ఫోన్లు అతని చేతి చలవతో బతికినవే. కొన్ని చచ్చాయి కూడా. ఆ సంగతి దేవి చెప్పింది.

ఇక నా గొడవ చెప్పాలి. నేను ఉక్కునగరం బళ్ళో తెలుగు చెప్పి రిటైరయ్యాను. చదవడం తప్ప నాకు వేరే వ్యాపకం లేదు. పొయ్యి పక్కన పుస్తకం పెట్టుకుని వంట చేసేదాన్ని, కూరలు మాడ్చేదాన్ని. అలాంటిదాన్ని, ముందు కుడికన్ను పోయింది. తర్వాత ఎడమకంటి చూపు కూడా తగ్గి, పుస్తకం తెరిస్తే చీమల బారు కనిపించేది. ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుంటే ఆ వెలుగుకి కంట్లో నీళ్ళు కారేవి. మా ఆయన శ్రీరామ్మూర్తి గారు సాయంత్రాలు చదివి వినిపించేవారు. మంచి మనిషే గాని, ఎంత మంచి కథైనా రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంటులా చదువుతారు. నా కంటితో నేను ఒక తెలుగు పుస్తకం మళ్ళీ చదువుకోగలనా అన్న దిగులు ఒక్కటే ఆ ఏడాదంతా నన్ను తినేసింది.

మా చెల్లెలు కామేశ్వరి తన పాత ట్యాబు ఇచ్చింది. అది పుస్తకాలు చదవడానికే చేసినది. తెర కళ్ళలోకి వెలుగు కొట్టదు, కాగితం మీద అచ్చేసినట్టు ఉంటుంది, అక్షరం ఎంత పెద్దది కావాలంటే అంత. ఇంగ్లీషు పుస్తకం తెరిచి చూశాను. బొటనవేలంత అక్షరాలు, నల్లగా, కదలకుండా ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో తెలుగు పుస్తకం తెరిచాను. "అక్క" ఉండాల్సిన చోట "అక్‌క" ఉంది. "అమ్మ" కాస్తా "అమ్‌మ" అయింది. ఒక్క ఒత్తు కూడా అక్షరం కింద పడలేదు, అన్నీ పక్కకొచ్చి కూర్చున్నాయి. చెల్లెలు ముచ్చటపడి తెర పైభాగాన టైపు చేసిపెట్టిన నా పేరు భ్రమరాంబ "భ్‌రమరాంబ" అయిపోయింది. ఉద్యోగమంతా పిల్లల చేత ఒత్తులు దిద్దించినదాన్ని, ఇది ఎలా సహిస్తాను? ఓపిక పట్టి చదవబోతే రెండు లైన్లకే కన్ను అలిసిపోయింది. గాజువాకలో షాపులవాళ్ళు చూసి, దీని తయారీయే అంత అని తిప్పి పంపారు.

అప్పుడు సత్యం గుర్తొచ్చాడు. మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"దీంట్లో ఒత్తులు పడటం లేదు సత్యం. నీ కొత్త సిస్టం ఎక్కిస్తే పడతాయా?"

"ఒత్తులు పడట్లేదా? అన్ని సోట్లా అంతేనా, ఒక పక్కేనా?"

"అన్ని చోట్లా. ఒక్కటీ పడదు."

"అయితే సిస్టమేనండి. పాతదైపోనాది. ఇలగివ్వండి, నాను సూత్తాను."

ఉప్పు దగ్గర అనుమానపడే మనిషికి ఇక్కడ అనుమానం రాలేదు. నాకూ రాలేదు.

డ్యూటీ దిగి, భోంచేసి, పాత ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని మా హాల్లోకి వచ్చేవాడు. మొదటి ప్రయత్నంలోనే ట్యాబు బిగుసుకుపోయింది. తెర మీద కంపెనీ బొమ్మ వచ్చి ఆగింది. ఏ బటన్ నొక్కినా అదే బొమ్మ. మర్నాడూ అదే బొమ్మ. ఆ మర్నాడూ అంతే.

"ఇంగ్లీషైనా చదువుకునేదాన్ని కదయ్యా. అదీ లేకుండా చేశావు" అన్నాను.

మా ఆయన "ఊరుకో" అన్నారు. సత్యం మాత్రం మొహం ముడుచుకోలేదు. "మీరు తిట్టండి మేడమ్ గారూ, నాను సేత్తాను" అని ల్యాప్‌టాప్ వైపు తిరిగాడు. అంత మెత్తటి మాట నేను ఆశించలేదు. లోపలికెళ్ళి టీ పెట్టాను.

చివరికి అసలు చిక్కు అతనే పట్టుకున్నాడు. పట్టుకుని తనను తానే తిట్టుకున్నాడు. అతనికి అలవాటైనవి ఫోన్లు. ఫోన్లో ఛార్జింగ్ అయిపోతే తెర నల్లబడుతుంది. ఈ ట్యాబు తెర అలా కాదు, కరెంటు పోయినా చివరి బొమ్మ అలాగే నిలిచిపోతుంది. అతను ప్రాణం ఉందనుకుని ఇన్నాళ్ళూ బటన్లు నొక్కుతున్నాడు. లోపల బ్యాటరీ ఎప్పుడో ఖాళీ.

"ఇది సచ్చినా నవ్వుతానే ఉందండి" అన్నాడు.

కడుపునిండా ఛార్జింగ్ పెట్టాడు. ఛార్జింగ్‌కి తప్ప ఎందుకూ పనికిరాని వైరు పక్కన పడేసి, ఫైళ్ళు కూడా పంపే వైరు తెచ్చాడు. బటన్ పట్టుకుని కూర్చున్నాడు. ల్యాప్‌టాప్ టింగుమంది. కొత్త సిస్టం ఎక్కింది. సత్యం మొహం నాకు మసకగానే కనిపిస్తుంది, కానీ ఆ సంతోషం గొంతులో వినిపించింది.

"ఒత్తండి మేడమ్ గారూ" అని ట్యాబు నా ఒళ్ళో పెట్టాడు. ఒత్తాను. "ఈ మూల ఒత్తండి. ఆ మూల." వేలు తగిలిన చోటల్లా తెర చకచకా మారింది. "సూసారా? ఒత్తులన్నీ పడతన్నాయి."

తెలుగు పుస్తకం తెరిచాను. అక్‌క. అమ్‌మ.

"ఏవయ్యా ఒత్తులు? ఒక్కటీ పడలేదు."

"ఇప్పుడే కదండీ ఒత్తారు?"

"నేను ఒత్తడం కాదు. ఒత్తులు."

"అదేనండి. ఒత్తులే. పడ్డాయి కదేటి."

"పడితే అక్క ఇలా ఉంటుందా?"

"ఏ అక్కండి?" అన్నాడు సత్యం, గుమ్మం వైపు తిరిగి చూసి.

మా ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పేపరు వణుకుతున్న చప్పుడు నాకు వినిపించింది. నేను గోడమీది క్యాలెండరు దింపి, దాని వెనక స్కెచ్ పెన్నుతో "అక్క" అని ఇంతింత అక్షరాలు రాసి, కింది కావత్తు చుట్టూ సున్నా చుట్టి అతని చేతికిచ్చాను. సత్యం ఆ సున్నా మీద వేలు పెట్టి చూశాడు.

"ఈ ఒత్తా" అన్నాడు. నేలమీద చతికిలబడ్డాడు. "నాను ఏలితో ఒత్తీ ఒత్తనుకున్నానండి. టచ్ పాడైపోనాదనుకుని ఇన్నాల్లూ దాని ఎనకే పడ్డాను."

ముగ్గురం నవ్వుతూ ఉండగా దేవి కూడా పైకొచ్చింది, ఏమైందో అని. వేలితో చేసేదీ ఒత్తే, అక్షరం కింద ఒదిగి కూర్చునేదీ ఒత్తే. పాఠాలు చెప్పిన నాకైనా తట్టాలి. తట్టలేదు.

"సిన్నప్పుడు ఒత్తుల కాడే మేస్టారు నా సెవి పిండీసేవోరు" అన్నాడు సత్యం. "మల్లీ నా కాడికే వొచ్చాయి."

జబ్బు తెలిశాక వైద్యం దొరికింది. పాత సిస్టంలో ఎన్ని తంటాలు పడ్డా ఒత్తులు వచ్చేవి కావు, కొత్తదానిలో వేరే చదివే యాప్ పెట్టుకోవచ్చు, తెలుగు ఫాంటు వేసుకోవచ్చు. ఎవరో కన్నడ ఆయన తన భాషలో ఒత్తులు చెదిరిపోతున్నాయని ఇంటర్నెట్‌లో మొరపెట్టుకుంటే, ఇంకెవరో వివరంగా జవాబు రాశారట. ఆ జవాబు పట్టుకుని సత్యం పని మొదలెట్టాడు. నన్ను ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఏది సరైందో నాకు తెలీదండి. మీరు కింద మనిషి, నాను పైమనిషి. మీరు సెయ్యి సూపించండి, నాను కదుపుతాను."

సైగలు కూడా నేర్పాడు. చెయ్యి ఊపితే తర్వాతది, పిడికిలి బిగిస్తే ఆగమని. ఒక ఫాంటులో అక్షరాలకు బదులు గళ్ళు వచ్చాయి. చెయ్యి ఊపాను. ఒకదానిలో ఒత్తులు కిందికి వచ్చాయి గాని పై లైనువి కింది లైను నెత్తినెక్కాయి. ఊపాను. ఇంకొకటి మరీ సన్నం, నా కంటికి ఆనలేదు. ఊపాను. తర్వాతది వచ్చింది.

ఒత్తులన్నీ వాటి చోట వాటికి ఉన్నాయి. మొదటి లైను చదివాను. రెండో లైనులోకి వెళ్ళిపోయాను. పేరా అయిపోయింది. కళ్ళు తుడుచుకుని తర్వాతి పేరా మొదలెట్టాను. నా చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయిందని, ఊపడం గాని, పిడికిలి బిగించడం గాని మర్చిపోయానని తర్వాత తెలిసింది. సత్యం తెర మీదికి వంగి వేలు ఎత్తి పట్టుకుని ఉన్నాడు. కదల్లేదు, ఏమీ అడగలేదు. నేను పేజీ చివరికి వచ్చేదాకా అలాగే ఉన్నాడు.

"చాలు బాబూ, దించెయ్" అన్నాను.

దించాడు. వేలూ దించాడు, ల్యాప్‌టాప్ మూతా దించాడు. నేను అతని రెండు చేతులూ పట్టుకున్నాను. కృతజ్ఞత అన్న మాట మీద ఎన్నోసార్లు పిల్లలకు వ్యాసం రాయించాను, ఆ పూట నాకు ఒక్క వాక్యం రాలేదు. ముఖం చూడని ఆ కన్నడ ఆయనకి, జవాబు రాసిన మనిషికి, ఊరికే పంచిపెట్టేవాళ్ళకి, అందరికీ చెప్పాల్సింది ఉంది. వాళ్ళెవరూ ఎదురుగా లేరు. ఎదురుగా ఉన్నవాడికి "భోంచేసి వెళ్ళు" అన్నాను.

మర్నాడు డ్యూటీకి వెళ్తూ మెట్ల దగ్గర ఆగాడు.

"ఎలగుందండి? సదువుతన్నారా?"

"ఒక్క పేజీ చదివాను. అదే మూడుసార్లు."

సత్యం హెల్మెట్ మెట్టు మీద పెట్టేశాడు. "ఏటండి, పేజీ ముందుకెల్లట్లేదా? ఇలగివ్వండి, సూత్తాను."

"వెళ్తోంది బాబూ, బాగానే వెళ్తోంది. నాకే వెళ్ళాలనిపించలేదు."